గోగుకాయల తేనీరు



తేనీరను మాట వినినంతనే పాలు, పంచదార, నల్లని పొడి అను మూడును మనకు స్ఫురించును. నేడు నేను చెప్పబోవు తేనీటిలో మొదటిదియు చివరిదియు లేవు. పంచదారయు మీ యిష్టముపై నాధారపడినది. ఇది గోగుకాయల డొప్పలతో నింట కాచుకొనదగిన యెఱ్ఱని పానీయము. దానిని చేయు విధమును చెప్పుటకు ముందు, అది నాకెట్లు తెలియవచ్చెనో చెప్పవలసియున్నది. ఈ విషయమున నేను రెండు పొరపాటులు చేసితిని. మొదటిది నవ్వులతో పోయినది. రెండవది ప్రాణముమీదికి వచ్చినది. రెండింటిని మీకు విన్నవించుటయే నా ప్రసంగమునకు ప్రయోజనము.

నేను ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి పొందినవాడను. బాల్యమున గురువుల సన్నిధిని అమరకోశమును వల్లించితిని. ఉద్యోగము చాలించిన రెండవయేట వైద్యుడు నన్ను పరీక్షించి, రక్తపుపోటు కలదనియు, దినమునకొక మాత్ర తప్పక వేసికొనవలయుననియు చెప్పెను. ఆ వార్త విని, గల్ఫు దేశములలో నొకచోట నుద్యోగము చేయుచున్న మా అబ్బాయి సెలవులకు వచ్చునపుడు నాకై యొక పొట్లము తెచ్చెను. అతనితో పనిచేయు ఈజిప్టు దేశస్థుడు కానుకగా నిచ్చినదట. విప్పిచూడగా లోపల ముదురెఱుపు రంగున ముడుచుకొనియున్న యెండు డొప్పలు. పొట్లముమీద అరబ్బీ లిపిలో ‘కర్కదే’ అనియు, ఇంగ్లీషులో ‘హైబిస్కస్’ అనియు వ్రాసియుండెను. వేడినీటిలో నానవేసి త్రాగిన రక్తపుపోటునకు మంచిదని ఆ దేశపువారు చెప్పుకొందురని అబ్బాయి చెప్పెను.

“హైబిస్కస్ అంటే ఏమిటండీ?” అని నా గృహిణి యడిగెను. నేను తడుముకొనక “మందారము” అంటిని. అంతటితో నూరకుండిన పండితుడనెట్లగుదును? మందారమనునది సంస్కృతమున దేవతావృక్షము లైదింటిలో నొకటి పేరనియు, మన పెరటిచెట్టు పూవునకు సంస్కృతమున జపాపుష్పమని పేరనియు, అమరకోశమున వనౌషధివర్గములో దానికే ఓడ్రపుష్పమను నామాంతరము కలదనియు వివరించితిని. ఆమె యంతయు విని, “ఇన్నాళ్లు అమ్మవారికి పెట్టిన పూవునే ఇప్పుడు కాచుకొని త్రాగుదుమా?” అని నవ్వెను.

మొదటినాడే యొక చిన్న యవమానము జరిగినది. మిత్రుడొకడు వచ్చియుండెను. తేనీరనగా పాలుండవలె గదా యని ఆ యెఱ్ఱని కషాయములో నేనే కాచిన పాలు పోసితిని. చూచుచుండగనే పాలు విఱిగి, పింజలు పింజలుగా తేలినవి. మిత్రుడు మర్యాదస్థుడగుటచే, “ఇది ఈజిప్టువారి పద్ధతి కాబోలు” అని గ్రుక్కెడు త్రాగి గ్లాసు క్రింద పెట్టెను. పాలు పోయక త్రాగినప్పుడు మాత్రము ఆ పానీయము పుల్లగా, ఒకింత వగరుగా, దానిమ్మరసమును తలపించుచు మిక్కిలి రుచ్యముగా నుండెను. నెలనాళ్లలో పొట్లమడుగంటినది. నాలుగైదు డొప్పలు మాత్రము అడుగున మిగిలినవి.

పెరటిలో మందారము విరగబూచియుండగా మరల విదేశమునుండి తెప్పించుకొనుట యేల యని, ఒకనాటి యుదయమున పది పూవులు కోసి, రేకలు తీసి, మరుగునీటిలో వేసితిని. నీరు ఎఱ్ఱబడుటకు బదులు నేరేడుపండు చాయకు తిరిగి, జిగురుగానయ్యెను. పులుపు లేశమైనను లేదు. నిమ్మకాయ పిండగా రంగు మాత్రము తళుక్కున నెఱుపెక్కెను. రుచి నిమ్మనీటి రుచియే. మందారపు రేకులలో రంగు కలదు గాని పులుపు మిక్కిలి తక్కువ, జిగురు హెచ్చు. ఆ జిగురుండుటచేతనే మన స్త్రీలు మందారాకును నూరి తల రుద్దుకొనుట. త్రాగిన హాని లేదు. నిమ్మరసము, చక్కెర కలిపి షర్బతు చేసికొనువారును కలరు. కాని నేను త్రాగుచుండిన పానీయము మాత్రము అది కాదు. నేను పొట్లము పాతదై సారము మారినదేమో, మందారములో జాతిభేదమేమో యని పలువిధముల తర్కించితిని. నా మాట తప్పయియుండునను తలంపు మాత్రము నాకు కలుగలేదు.

ఆ సందేహము తీర్చినది మా వీధిలో ఆకుకూరలమ్ము ముసలమ్మ. మాది విజయనగరము చెంత నొక పల్లె. ఆమె అరుగుమీద గంప దించి గోంగూరకట్టలు విడదీయుచు, కిటికీలోని గాజుబుడ్డిలో మిగిలియున్న డొప్పలను చూచి, “ఇదేటి బాబూ, గోగుకాయ డొప్పలెండబెట్టి సీసాలో దాసుకున్నారు? పచ్చడికా?” అనెను. “అవి హైబిస్కస్, విదేశమునుండి వచ్చినవి” అంటిని. ఆమె యొక డొప్పను నోట వేసికొని నమలి, “ఏ దేశంనుంచొస్తే యేటి బాబూ, ఇది మా పుల్లగోగే. మా సేను గట్టుమీద బోలెడుంది. ఆకు మేం కోసుకుంటాం, కాయ మేకలు తింటాయి” అని గంప నెత్తికెత్తుకొని పోయెను.

నేనావేళ చదివిన గ్రంథములన్నియు తలయెత్తలేని యవస్థ నాది. పదము నాకు తెలియును. పదార్థము ఆమెకు తెలియును. పదార్థమను మాటయే పదముయొక్క అర్థమని గదా మనము పిల్లలకు నేర్పుట! అర్థము లేని పదమును నేను ముప్పదియైదేండ్లు మోసితినా యని నాకు సిగ్గు కలిగెను.

తరువాత వృక్షశాస్త్రము తెలిసినవారి నడిగి విషయమును సరిచూచుకొంటిని. హైబిస్కస్ అనునది ఒక పూవు పేరు కాదు, ఒక కుటుంబము పేరువంటిది. మన యింటిపేరువలె నది ముందుండును. వెనుక నసలు పేరు వచ్చును. 1753వ సంవత్సరమున లిన్నేయసు అను స్వీడను దేశపు పండితుడు మొక్కలకు పేరులు పెట్టుచు, మన మందారమునకు హైబిస్కస్ రోజా సైనెన్సిస్ అనియు, పుల్లగోగుకు హైబిస్కస్ సబ్దరిఫా అనియు పేరిడెను. మొదటిదానికి చైనా గులాబి యని యర్థము. గోగులో మరియొక జాతి కలదు. దానికి హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు. నారకై మన మండలమున విరివిగా పెంచిన గోగులో ఈ జాతియు కలదు. ఆ నార భీమునిపట్టణపు రేవునుండి యోడలకెక్కుటచే, ప్రపంచపు విపణిలో దానికి ‘బిమ్లీ జూట్’ అను పేరు వచ్చినది. మన గోంగూర, అనగా గోగుకూర, తెలంగాణమున పుంటికూర యనునది, ఈ గోగుల యాకే. దానిని ఆంధ్రమాత యని పొగడినవారము మనము. ఆ తల్లి చేతిలోని ఫలమును మాత్రము కన్నెత్తి చూచినవారము కాము.

తేనీటికి పనికివచ్చునది పుల్లగోగులో కాయ డొప్ప మందముగా నెఱ్ఱగా నుండు రకము. నారకై పెంచు రకముల డొప్పలు పలుచన. కొన్నింటికి నూగు కూడ నుండును. నిజమునకు మనము కాయ యనుచున్నది కాయ కాదు. పూవునకు అడుగున నుండు రక్షకపత్రములు అయిదును, రేకులు రాలిన పిమ్మట ఊరి, కండపట్టి, లోని గింజకాయను కప్పుకొనును. ఆ కప్పే మన డొప్ప. కాబట్టి ‘పూల తేనీరు’ అనుటయు, ‘కాయల తేనీరు’ అనుటయు రెండును సగము సగము సత్యములే.

ఈ డొప్పను ప్రపంచమున నెందరో యాదరించుచున్నారు. ఈజిప్టులోను, సూడానులోను కర్కదే యనునది ఇదియే. వేసవిని చల్లగాను, శీతకాలమున వెచ్చగాను త్రాగుదురు. పశ్చిమాఫ్రికాలో సెనెగలువారు బిస్సప్ అందురు. మెక్సికోలో హమైకా నీరని పేరు. జమైకా ద్వీపమున క్రిస్మసు పండుగకు అల్లము చేర్చి దీనితో పానకము చేయుదురు. ఇన్ని దేశములవారు పండుగలకు దాచుకొను వస్తువు మన చేనుగట్టున మేకలపాలగుచున్నది.

ఇక చేయు విధము వినుడు.

తొలకరిలో విత్తిన గోగు, పగలు కుఱుచయగుకొలది పూతకు వచ్చును. పూవు లేతపసుపు, నడుమ ముదురెఱుపు. ఉదయమున విరిసి ఆనాడే వాడిపోవును. రేకులు రాలిన రెండు మూడు వారములకు, కార్తిక మార్గశిరములలో, డొప్పలు నిండుగా నూరి గోరు గిల్లిన తెగునంత లేతగా నుండును. అదియే కోయు సమయము. ఆలస్యము చేసిన ముదిరి నారయగును. కోసిన వెంటనే కడిగి, మొదలున చాకుతో గుండ్రముగా కోసి, లోని గింజకాయను వెనుకనుండి వ్రేలితో నెట్టిన డొప్ప చెడక విడివడును. గింజకాయపైనుండు సన్నని నూగు గొంతున దురద పుట్టించును. కావున దానిని తేనీటిలో పడనీయరాదు. ముదిరిన కాయలు కొన్ని చెట్టుననే యుంచి విత్తనమునకు దాచుకొనుడు.

డొప్పలను వెదురుచాటలలో పలుచగా పఱచి, పైన పలుచని గుడ్డ కప్పి, గాలి తగులు నీడపట్టున ఆరబెట్టవలయును. తీవ్రమగు నెండలో పెట్టిన రంగు వెలియును. నాలుగైదు దినములకు, మంచుపట్టిన వారమునకు, చేత నలిపిన గలగలలాడునట్లు ఎండును. పది వీసెలు పచ్చివి ఎండిన సుమారు ఒక వీసె యగును. ఈ తరమువారికి చెప్పవలెనన్న పది కిలోలకు ఒక కిలో. గాజుబుడ్డిలోగాని, ఊరగాయజాడీలోగాని గాలి చొరకుండ మూసియుంచిన ఏడాది నిలువయుండును. తేమ తగిలిన బూజు పట్టును. బూజు పట్టినదానిని సంకోచింపక పాఱవేయుడు.

పాత్ర విషయమున నొక హెచ్చరిక. ఈ డొప్పలలో పులుపు బలమైనది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో చింతపండు పులుసు కాచరాదని మన పెద్దలు చెప్పుటకు గల కారణమే దీనికిని వర్తించును. పులుపు లోహమును కఱగించి చిలుము పుట్టించును. అల్యూమినియమును తగదు. స్టీలు, గాజు, పింగాణి, రాతిచిప్ప, ఇవి మేలు.

మన వైద్యగ్రంథములలో కషాయములు అయిదు విధములు: స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము. పచ్చిదానిని పిండినది స్వరసము, నూరినది కల్కము, మరగకాచినది క్వాథము, చన్నీట రాత్రియంతయు నానవేసినది హిమము, వేడినీట కొంతసేపు నానవేసి వడియగట్టినది ఫాంటము. తేనీరని లోకము పిలుచునది నిజమునకు ఫాంటమే. గోగు తేనీటికి ఫాంటము, హిమము రెండును తగియున్నవి, క్వాథము తగదు. ఎక్కువసేపు మరిగించిన రంగు మట్టిచాయకు తిరుగును, వగరు హెచ్చును.

ఫాంటమునకు: ఒక పెద్దగ్లాసు, అనగా పావులీటరు నీరు తెరలకాచి పొయ్యినుండి దింపుడు. నలిపిన డొప్పలు ఒక చెంచాడు, సుమారు రెండు గ్రాములు వేసి మూతపెట్టుడు. ఏడెనిమిది నిమిషములకు వడియగట్టుడు. ఇష్టమున్నచో డొప్పలతోడనే అల్లపుముక్కయో, దాల్చినచెక్కయో, నాలుగు పుదీనా ఆకులో వేయవచ్చును. తీపికి పటికబెల్లము మేలు. మామూలు బెల్లము రంగును నల్లపఱచును. పాలు మాత్రము పోయకుడు. పోసినవారి గతి మీరు విన్నారు.

హిమమునకు: లీటరు చల్లని మంచినీటికి రెండు గుప్పిళ్ల డొప్పలు వేసి, మూతపెట్టి, రాత్రి చల్లనిచోట నుంచి ఉదయమున వడియగట్టుడు. దీనిలో వగరు తక్కువ, పరిమళము హెచ్చు. వేసవికి ఇది తగినది. చల్లనినీటితో చేసినది కావున ఆ దినమే త్రాగివేయుట మంచిది. వడియగట్టిన డొప్పలను పాఱవేయక కొంచెము బెల్లముతో నుడికించిన పిల్లలు రొట్టెకు రాచుకొని తిందురు.

మా మనుమరాలికి నేనొక వినోదము చూపితిని. ఈ పానీయమును గాజుగ్లాసులో పోసి చిటికెడు వంటసోడా వేయగా, ఎఱుపు పోయి నీలిచాయకు తిరిగినది. మరల నిమ్మరసము పిండగా ఎఱుపే వచ్చినది. ఆ రంగు పదార్థములకు ఆంథోసయనినులని పేరు. పులుపున నెఱుపు, క్షారమున నీలము వాని స్వభావము. నేరేడులోను, మందారములోను ఆ జాతి రంగులే కలవు. పాపము నా మందారపు కషాయము నేరేడుచాయకు తిరుగుటకును, నిమ్మరసముతో నెఱ్ఱబడుటకును కారణము అప్పుడు నాకు బోధపడినది.

ఇక నా రెండవ పొరపాటు. దీనిని మిక్కిలి సావధానముగా వినగోరుచున్నాను.

ఆ యేడు కూరల ముసలమ్మ తెచ్చియిచ్చిన డొప్పలతో జాడీ నిండినది. దినమునకు మూడు మారులు త్రాగుచు, చూడవచ్చినవారికెల్ల పోయుచు, “మన గట్టుమీది మందు మనకుండగా సీమమాత్రలేల?” అని ప్రసంగములు చేసితిని. ప్రసంగించినవాడు ఆచరింపవలె గదా. ఒకనాడు మాత్ర మానితిని. ఏమియు కాలేదు. మరునాడును మానితిని. ఇంటిలో చెప్పలేదు. పండ్రెండవనాడు తెల్లవాఱుజామున మెడ పట్టుకొనిపోయినట్లు తలనొప్పి. నూతిగట్టుకడకు నడువబోగా కాళ్లు తడబడినవి. నా గృహిణి ఎదురింటి పిల్లవానిని పిలిచి నన్ను బండి యెక్కించి వైద్యునికడకు తీసికొనిపోయెను. పైయంకె నూటతొంబది, క్రిందిది నూటపది. వైద్యుడు మాత్రలపట్టీ చూపుమనెను. పండ్రెండు మాత్రలు మిగిలియున్నవి. ఆయన నా శిష్యుని యీడువాడు. నన్ను కోపపడక, “పంతులుగారూ, తేనీరు త్రాగవద్దని నేననలేదు. మాత్ర మానుమని మీకెవరు చెప్పిరి? ఇంకొక వారము గడచియుండిన మీకు పక్షవాతము వచ్చియుండెడిదేమో” అనెను.

ఇంటికి వచ్చిన పిమ్మట నా గృహిణి యొక్కమాటయే యనెను. “అబ్బాయి మంచిదన్నాడు గాని మందనలేదు గదండీ!” ఆ మాటకు మించిన వ్యాఖ్యానము నేనేమి చేయగలను? మందారమన్నప్పుడు పదమునుబట్టి పదార్థమును చూడకపోతిని. మంచిదన్నప్పుడును అదే తప్పు చేసితిని.

గోగు తేనీటికి గుణమే లేదని నేననను. 2010వ సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, రక్తపుపోటు స్వల్పముగా హెచ్చియుండి మాత్రలు వాడని అఱువదియైదుగురిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు ఈ తేనీరు దినమునకు మూడు గ్లాసులును, రెండవ జట్టునకు అదే రుచిగల వేఱొక పానీయమును ఆరు వారములు ఇచ్చిరి. తేనీరు త్రాగినవారి పైయంకె సగటున ఏడు పాళ్లు తగ్గెను. రెండవవారిది ఒకపాలుకు పైచిలుకు. కావున గుణము కలదు. కాని ఏడు పాళ్లెక్కడ, నా నూటతొంబదియెక్కడ! మఱియు వారు మాత్ర యవసరము లేనివారు, నేనవసరమున్నవాడను.

మఱి రెండు మాటలు. మాత్రతోడను ఈ తేనీటిని మితిమీరి త్రాగిన పోటు మరీ పడిపోవచ్చును. కాబట్టి మాత్ర వాడువారు వైద్యునికి చెప్పి త్రాగుడు. 1994వ సంవత్సరపు సూడాను పరిశోధన యొకటి, మలేరియాకిచ్చు క్లోరోక్విన్‌ను ఈ పానీయముతో కలిపి పుచ్చుకొన్నచో మందు దేహమునకు తక్కువగా నందునని చూపినది. కావున మందులను దీనితో మింగక మంచినీటితోనే మింగుడు. గర్భవతులు దీనిని మానుటయే క్షేమము. పులుపు పండ్లకు మంచిది కాదు. త్రాగిన పిమ్మట నోరు పుక్కిలింపుడు.

ఇప్పుడు నా దినచర్య యిట్లున్నది. ఉదయమున ముందు మాత్ర, మంచినీటితో. గంటసేపు గడచిన పిమ్మట ఒక గ్లాసు గోగు తేనీరు. మా పెరటిలో మందారముప్రక్కనే పది గోగుమొక్కలు వేసితిమి; మందారము అమ్మవారికి, గోగు మాకు. ముసలమ్మ యిపుడు కాయలను మేకలకు వేయుటలేదు. ఎండబెట్టి పొట్లములు కట్టి గంపలో గోంగూర ప్రక్కన పెట్టి అమ్ముచున్నది. ఎవరైన నిదేమని యడిగిన, “హైబిస్కసు బాబూ” అని నావైపు చూచి నవ్వును.

మీలో చేనుగట్టున పుల్లగోగు కలవారు ఈ మార్గశిరమున నాలుగు గుప్పిళ్ల డొప్పలెండబెట్టి చూడుడు. రుచి నచ్చిన నన్ను తలచుకొనుడు. మాత్ర వేసికొను వేళ మాత్రము నా గృహిణి మాటను తలచుకొనుడు.